మోడల్ బాయిలర్‌కి రేడియో టంకం చాలదు

"ఇంట్లోనే స్టీమ్ ఇంజన్ మోడల్ చేసుకోండి. బాయిలర్ అతకడానికి ఖరీదైన సిల్వర్ సోల్డర్ (వెండి కలిపిన టంకం) అక్కర్లేదు, రేడియో రిపేరు టంకం చాలు" అనే మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. వద్దని ఎన్నిసార్లు చెప్పినా పంపుతూనే ఉన్నారు. ఈసారి "పిల్లల సైన్స్ ప్రాజెక్టుకి బాగుంటుంది" అని ఒక ముక్క కూడా చేర్చారు. అందుకే ఒక్కో చిట్కాకీ జవాబు రాస్తున్నాను.

"నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి, టంకం 183కి కరుగుతుంది, కాబట్టి భయం లేదు."

అన్నిటికంటే ప్రమాదం ఇదే. బాయిలర్ మూత తీసిన గిన్నె కాదు. వంటింటి కుక్కర్‌లోనే నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. 5 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత) ప్రెషర్‌లో 159, 7 బార్‌లో 170. మెసేజ్ చూపించిన 83 డిగ్రీల తేడా 13కి పడిపోయింది. పైగా టంకం 183 దాకా గట్టిగా ఉండి ఒక్కసారిగా కరగదు. వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది, ప్రెషర్‌కి మెల్లగా సాగుతుంది. మొదటి రోజు బాగా నడిచిందంటే అతుకు బాగున్నట్టు కాదు. నీళ్ళు తగ్గి మంట తగిలే చోట రేకు ఎండిందా, ఇక లెక్కలు అక్కర్లేదు, టంకం కారిపోతుంది. అతుకు విడిపోగానే 159 డిగ్రీల నీళ్ళలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది, ఆ భాగం దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. బల్లకి ముఖం ఆనించి చూస్తున్న పిల్లాడి సంగతేంటి? ఇది రాసినాయన స్టీమ్ టేబుల్ (ఏ ప్రెషర్‌లో నీళ్ళు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయో చెప్పే పట్టిక) ఒక్కసారైనా తెరిచి చూడాల్సింది.

"పాతకాలం వాళ్ళు టంకంతోనే బాయిలర్లు చేశారు."

ఇది అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. చేశారు, అవి ఏళ్ళ తరబడి నడిచాయి కూడా. కానీ వాటిలో బలం రివెట్లదీ, స్టేలదీ (రేకులు ఉబ్బకుండా లోపల పట్టి ఉంచే కడ్డీలు). టంకం లీకులు మూయడానికే. దానికి కూడా 296 డిగ్రీలకు కరిగే సీసం-వెండి టంకం ఉండేది. మెసేజ్‌లోని బొమ్మలో ఒక్క రివెట్టు చూపించండి.

"పాత స్టాకు కాడ్మియం సిల్వర్ సోల్డర్ దొరికితే వదలకండి, నీళ్ళలా పారుతుంది."

పారుతుంది. కానీ అందులో కలిపిన కాడ్మియం అనే లోహం 767 డిగ్రీలకు మరుగుతుంది, అందుకే టార్చ్ మంట కాస్త ఎక్కువైతే విషపు పొగ లేస్తుంది. పీల్చినప్పుడు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత జ్వరం, ఆయాసం మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మనుషులు చనిపోయారు. యూరోపియన్ యూనియన్ 2011 డిసెంబరులో, కొద్ది మినహాయింపులతో, ఈ కాడ్మియం సోల్డర్‌ని నిషేధించింది. గాలాడని గదిలో బిగినర్స్‌ని దీంతో పని చేయమనడం ఎలాంటి సలహా?

"బాగా రుద్దితే ఫ్లక్స్ అక్కర్లేదు." వేడి తగలగానే రాగి నల్లబడుతుంది, ఆ నలుపు మీద టంకం అంటదు. దాన్ని ఆపేదే ఫ్లక్స్. కంసాలి వెలిగారం ఎందుకు వాడతాడో అడగండి.

"టంకం ఎంత మందంగా ఉంటే అంత బలం." కాదు. బలం రెండు రేకుల మధ్య 0.05 నుంచి 0.15 మిల్లీమీటర్ల సందులో ఉంటుంది. పైన పోసిన ముద్ద దండగ.

"జీఐ పైపుకి వెల్డింగ్ కొట్టించండి." జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుము. వెల్డింగ్ వేడికి లేచే జింకు పొగకి జ్వరం వస్తుంది. ఆ పైపు జోలికే పోవద్దు.

"కంప్రెసర్ గాలితో టెస్ట్ చేయండి." నీళ్ళతో చేయాలి! బాయిలర్ నిండా చల్లటి నీళ్ళు నింపి, గాలి మొత్తం తీసేసి, చేతి పంపుతో పని ప్రెషర్‌కి రెట్టింపు ఎక్కించాలి. అతుకు వదిలితే నీళ్ళు చిమ్ముతాయి, అంతే. గాలితో అయితే రేకు ముక్కలు ఎగిరివస్తాయి.

వెండి ఖరీదే, కాదనను. 55 శాతం వెండి కడ్డీ 630-660 డిగ్రీల మధ్య కరుగుతుంది. రాగి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి పెద్ద గ్యాస్ టార్చ్ కూడా కావాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే బాయిలర్ మానేయండి. ఇంజన్ వరకు చేసి తక్కువ ప్రెషర్ గాలితో తిప్పండి, సిలిండరూ క్రాంకూ ఎలా పనిచేస్తాయో పిల్లలకి అంతే బాగా కనిపిస్తుంది. ఆ రేడియో టంకాన్ని టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్ళు మోసే బండి) నీళ్ళ తొట్టికి వాడండి. అక్కడ ప్రెషర్ ఉండదు, దానికి అదే సరైనది.