ఎల్లుండి రండి

ఇంగ్లీషులో ‘పెరెండినేట్’ అని ఒక క్రియ ఉంది. ఇంగ్లీషువాళ్లలోనే చాలామందికి తెలియదు. పనిని ఎల్లుండికి వాయిదా వేయడం అని దాని అర్థం. రేపటికి కాదు, సరిగ్గా ఎల్లుండికి. రేపటికి వేయడానికి ప్రోక్రాస్టినేట్ ఉండనే ఉంది. లాటిన్‌లో ‘క్రాస్’ అంటే రేపు, ‘పెరెండియే’ అంటే ఎల్లుండి. బద్ధకానికి రెండు గ్రేడ్లన్నమాట.

ఇది నాకు ఏ పండితుడూ నేర్పలేదు. నాన్న మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసు చుట్టూ తిరుగుతూ, అక్కడి బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో వెతుక్కున్నాను. టైముకేం కొదవ?

గోడ మీద ‘రేపు రా’ అని రాసి దయ్యాన్ని తిప్పి పంపిన ఊళ్లు మనవి. ఆ ఆఫీసు గుమస్తాగారు మనుషులకు ఆ మర్యాద కూడా ఇవ్వరు. రేపంటే జనం నిజంగానే వచ్చేస్తారు. అందుకని సోమవారం వెళ్తే ‘ఎల్లుండి రండి సార్’ అన్నారు. బుధవారం వెళ్తే మళ్లీ ఎల్లుండి. శుక్రవారమూ అదే మాట.

“ఆదివారమా అండీ?” అన్నాను.

ఆయన మొదటిసారి తలెత్తారు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. “అయితే ఆవలెల్లుండి రండి” అన్నారు.

దీనికి క్రియ నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.

అన్నట్టు, పెరెండినేట్‌కి ఒకచోట మకాం వేయడమనే అర్థం కూడా ఉంది. పాత కేంబ్రిడ్జ్ కాలేజీల్లో డబ్బు కట్టి బస చేసే అతిథులను పెరెండినెంట్లు అనేవారు. మా నాన్న ఫైలు కూడా అలాంటి అతిథే. బీరువాలో హాయిగా మకాం వేసింది. మర్యాదల ఖర్చు మాత్రం నన్ను పెట్టుకోమని ప్యూను సూచన.

నాకేం, బండి మీద వెళ్లొస్తాను, వ్యాసం రాసుకుంటాను. నా వెనక ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఆవిడకూ శుక్రవారమే ‘ఎల్లుండి రా’ అన్నారు. నేను అడిగాను కాబట్టి నాకు సవరించారు, ఆవిడకు అదీ లేదు. మొగుడు పోయాడన్న కాగితం చూపిస్తే గాని ఆవిడకు పింఛను రాదు. రెండు బస్సులు మారి వస్తుంది. బస్సు ఉచితమే, పోయిన కూలి ఎవరిస్తారు? ఆదివారం వచ్చి తాళం కప్ప చూసి పోవాలా? చచ్చినవాడు చచ్చాడని చెప్పడానికి ఎన్ని ఎల్లుండిలు కావాలయ్యా మీకు? ఆ ముద్ర మీ మోచేతి పక్కనే ఉంది కదా, కొట్టండి!