నీళ్లలో ఉడకని బేగెల్ బేగెలే కాదు

హైదరాబాద్‌లో మంచి బేగెల్ (మధ్యలో చిల్లు ఉండే గుండ్రటి రొట్టె) ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఇప్పుడు ఎవరైనా నాలుగైదు పేర్లు గడగడా చెప్పేస్తారు. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36 చుట్టుపక్కల ఒకటి, కొండాపూర్‌లో ఒకటి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్తగా తెరిచింది ఇంకొకటి. రీల్స్ చూసినా అవే. లోపల వెలుతురు ఎలా ఉంది, పార్కింగ్ దొరుకుతుందా, క్రీమ్ చీజ్‌లో ఎన్ని రకాలున్నాయి, కాఫీ బాగుంటుందా, అన్నీ చెబుతారు. ఆ బేగెల్‌ను ఓవెన్‌లో పెట్టే ముందు నీళ్లలో ఉడికించారా లేదా అన్నది మాత్రం ఒక్కరూ చెప్పరు. నా దృష్టిలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఉడికించే పాత్ర లేని వంటింట్లో తయారైనది మధ్యలో చిల్లు పెట్టిన బన్. అలాంటి బన్నుల్లో ఏది బెస్టో తేల్చుకోవడానికి వందల రూపాయలు పోసి ఊరంతా తిరగడం డబ్బూ దండగ, టైమూ దండగ.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లకు బేగెల్‌ను కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. న్యూజెర్సీలో కొడుకు దగ్గరో కూతురి దగ్గరో కొన్ని నెలలుండి వచ్చిన అమ్మానాన్నలు కూడా దాని రుచి చూసే ఉంటారు. పోలండ్ యూదుల రొట్టె అది. క్రకోవ్ నగరంలో యూదు సమాజం 1610లో రాసుకున్న కట్టుబాట్లలోనే దాని ప్రస్తావన ఉంది. వలస వెళ్లినవాళ్లతో పాటు న్యూయార్క్ చేరింది, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. మాంట్రియల్‌లో తేనె కలిపిన నీళ్లలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, న్యూయార్క్‌లో బార్లీ మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి పాకం కలుపుతారు. ఆ రెండు ఊళ్లకూ బేగెల్ విషయంలో ఎప్పుడూ పడదు. కానీ నీళ్లలో ఉడికించాలన్న దగ్గర ఇద్దరిదీ ఒకటే మాట.

ఆ ఉడికింపులో అంత ఏముంది? బేగెల్ పిండి బాగా గట్టిగా ఉంటుంది. కిలో పిండికి అరలీటరు, ఆపైన కొద్దిగా, అంతే నీళ్లు. దాన్ని చేత్తో తాడులా పేని, చుట్టి, రెండు కొసలూ కలిపి అరచేతి కింద నొక్కుతారు. అలా చుట్టినవాటిని రాత్రంతా చల్లటి చోట ఉంచుతారు. తెల్లవారుజామున మరిగే నీళ్లలో వేస్తే, అటో అరనిమిషం ఇటో అరనిమిషం చాలు, పైపొరలోని పిండిపదార్థం ఉడికి సన్నటి జిగురు తొడుగులా బిగుసుకుంటుంది. తర్వాత ఓవెన్‌లోకి వెళ్లినప్పుడు లోపలి పిండి పొంగాలని చూస్తుంది, ఆ తొడుగు పొంగనివ్వదు. బేగెల్ లోపల దట్టంగా, కొరికితే సాగేలా ఉండేది అందుకే. పైన మెరుపు వచ్చేది కూడా ఆ తొడుగు వల్లే. నీళ్లలో కలిపిన మాల్ట్ ఆ మెరుపుకు రంగు ఇస్తుంది. ఆ ఒక్క నిమిషం పని తీసేస్తే రుచి, ఆకారం, నమలడంలోని సుఖం అన్నీ ఒకేసారి పోతాయి.

మరి ఎందుకు తీసేస్తున్నారు? ఆవిరి చిమ్మే పెద్ద ఓవెన్ ఉంటే మెరుపును కొంతవరకు తెప్పించవచ్చు కాబట్టి. ఉడికించాలంటే మరిగే పాత్ర దగ్గర ఒక మనిషి నిలబడాలి, స్థలం కావాలి, గ్యాస్ కావాలి. ఆవిరి ఓవెన్ అయితే ట్రే లోపలికి తోసి మీట నొక్కితే సరిపోతుంది. చాలా కెఫేలకు రొట్టెలు శివార్లలోని సెంట్రల్ కిచెన్ నుంచి పొద్దున్నే వ్యాన్‌లో వస్తాయి. అక్కడ ఎవరు ఏం చేస్తున్నారో కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడికే తెలియదు. కొండాపూర్‌లో ఒక కెఫేలో ‘ఇది ఉడికించినదేనా బాబూ’ అని అడిగితే ‘టోస్ట్ చేసి ఇస్తాం సార్’ అన్నాడు. అతని తప్పేం లేదు. అడిగినవాళ్లు అంతకుముందు ఎవరూ ఉండి ఉండరు.

చేతిలోకి తీసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఆ కెఫేలో ఇచ్చినదాని పైభాగం పొడిపొడిగా, ఏ మెరుపూ లేకుండా ఉంది. వేలితో నొక్కితే గుంటపడి అలాగే ఉండిపోయింది. చాకు పెట్టగానే పొట్టులా రాలింది, లోపల బ్రెడ్ స్లయిస్‌లో ఉండే లాంటి పెద్ద పెద్ద గదులు. బంజారాహిల్స్‌లో ఒక చిన్న బేకరీలో తిన్నది దీనికి పూర్తిగా వేరు. పైన సన్నటి బొబ్బలు లేచి ఉన్నాయి, రాత్రంతా చల్లటి చోట మెల్లగా పులిస్తేనే అవి లేస్తాయి. రెండు కొసలూ కలిపిన అతుకు ఒక పక్క కనబడుతోంది, అంటే మనిషి చేత్తో చుట్టాడన్నమాట. తుంచబోతే వెంటనే తెగలేదు, సాగి తెగింది. పైన నువ్వులు, గసగసాలు, ఎండు ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు. ఈ అయిదూ మన వంటింటి సరుకులే కాబట్టి అడుగున ఉన్న రొట్టె ఎలా ఉన్నా పైన రుచి ఎటూ బాగుంటుంది. అందుకే మసాలా అద్దని సాదా బేగెల్ తిని చూడాలంటాను. దాంట్లో దాచడానికి ఏమీ ఉండదు.

మన దగ్గర ఇంకో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది మైదా. మన కిరాణా కొట్లలో దొరికే మైదాలో ప్రొటీన్ సాధారణంగా 10, 11 శాతం. బేగెల్‌కు 13, 14 శాతం ఉండే పిండి కావాలి, లేకపోతే సాగుడు రాదు. గోధుమలో సాగే గుణమిచ్చే ప్రొటీన్ అయిన గ్లూటెన్ పొడి విడిగా కలుపుకొని సరిచేసుకోవచ్చు, చేసే మాస్టర్లు చేస్తారు. రెండోది ఎండలు. మే నెలలో 40 డిగ్రీల వేడిలో పిండి గంటల్లో పులిసి చెడుతుంది. కోల్డ్ రూమ్ లేకుండా ఇక్కడ రాత్రంతా పులియబెట్టడం కుదరదు. రేపటి ఇడ్లీ ఎలా ఉంటుందన్నది ఈ రాత్రి రుబ్బిన పిండిలోనే తేలిపోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు, బేగెల్ కూడా అంతే. పొద్దున కౌంటర్‌లో చేసేది ఏమీ మిగలదు.

కాల్చిన బేగెల్ ఆయుష్షు కూడా తక్కువ. నాలుగైదు గంటలు దాటితే గట్టిపడటం మొదలవుతుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అలాంటప్పుడు సాయంత్రం ఆరింటికి వెళ్లి తిని అయిదు నక్షత్రాలు ఇవ్వడంలో, లేదా ఒకటి ఇవ్వడంలో అర్థమేముంది? ఉదయం తిన్నవాడు, రాత్రి తిన్నవాడు తిన్నవి రెండు వేర్వేరు వస్తువులు. యాప్‌లో మాత్రం ఇద్దరి నక్షత్రాలూ కలిపి సగటు తీసి ఒకే అంకె చూపిస్తారు.

దీనికి ఎదురు వాదన ఉంది, నాకు చాలామంది చెప్పారు. ఇది హైదరాబాద్, న్యూయార్క్ కాదు. ఇక్కడివాళ్లకు మెత్తటి రొట్టె ఇష్టం. పన్నీర్ టిక్కా పెట్టుకుని హాయిగా తింటున్నవాళ్లను పట్టుకుని ఉడికించారా లేదా అని లెక్చర్ ఇవ్వడమేమిటి అని. మెత్తటిది ఇష్టమైతే నిక్షేపంగా తినొచ్చు. ఈ ఊళ్లో బన్‌మస్కాను మించిన మెత్తటి రొట్టె లేదు, ఇరానీ చాయ్‌తో కలిపి కూడా దాని ఖరీదు కెఫే బేగెల్ కంటే బాగా తక్కువే. మెత్తదనం మీద నాకు ఏ పేచీ లేదు. ఉడికించే మనిషి జీతం మిగుల్చుకుని, ఉడికించిన బేగెల్ ధర వసూలు చేయడం మీదే నా అభ్యంతరం.

పైగా తిండిని పనితనంతో కొలవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 2010లో హైదరాబాదీ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఏ హోటల్ పేరు మీదా రాలేదు, చేసే పద్ధతి మీద వచ్చింది. రాగి పాత్ర, కట్టెల మంట, గంటల తరబడి ఉడికించి దంచడం. అదే 2010లో క్రకోవ్‌లో బేగెల్‌కు దగ్గరి చుట్టమైన ఒబ్వజానెక్ అనే చుట్ట రొట్టెకు యూరోపియన్ యూనియన్ అలాంటి గుర్తింపే ఇచ్చింది. దాన్నీ ముందు నీళ్లలో ఉడికించి తర్వాతే కాలుస్తారు. రంజాన్ నెలలో మన నగరంలో ఎవరిని కదిలించినా ఫలానా చోట భట్టీ ఎన్నింటికి వెలిగిస్తారు, దంచే కర్ర ఘోట్నీ ఎవరు పడతారు అని చెబుతారు. మొహర్రం వస్తే దమ్ కే రోట్ అనే తీపి బిస్కట్ కోసం నాంపల్లి సుభాన్ బేకరీ ముందు నిలబడేవాళ్లకు ఏ ట్రే ఎప్పుడు దిగుతుందో తెలుసు. ఇంత తెలివిగా తినే ఊరు, కెఫే గాజు తలుపు దాటి లోపలికి వెళ్లగానే అడగడం ఎందుకు మానేస్తోంది?

అసలు న్యూయార్క్ బేగెల్‌కు ఆ పేరు తెచ్చినవాళ్లు ఎవరో తెలిస్తే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలనిపిస్తుంది. అక్కడి బేకరీ పనివాళ్లు ఒకప్పుడు గాలీ వెలుతురూ లేని నేలమాళిగల్లో పనిచేసేవారు. రోజుకు పది గంటలు, వారానికి అరవై గంటలకు మించి వాళ్లతో పని చేయించకూడదని 1895లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెచ్చింది. 1905లో లాక్‌నర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ పరిమితిని కొట్టేసింది. మరి పనివాళ్లను కాపాడింది ఏమిటంటే వాళ్లు కట్టుకున్న సంఘం. బేగెల్ బేకర్స్ లోకల్ 338 అని దాని పేరు. సభ్యులు మూడు వందల దరిదాపుల్లో ఉండేవారు. నలుగురు ఒక జట్టు: ఇద్దరు చుట్టేవాళ్లు, ఒకడు మరిగే పాత్ర దగ్గర, ఒకడు ఓవెన్ దగ్గర. పాత్ర దగ్గర నిలబడేవాడికి విడిగా ఒక హోదా, ఒక పేరు. 1951 డిసెంబరులో వీళ్ల గొడవ ముదిరి నగరంలోని 34 బేగెల్ బేకరీల్లో 32 మూతపడితే పత్రికలు దాన్ని బేగెల్ కరువు అన్నాయి. మూడు వందల మంది పనివాళ్లు అంత పెద్ద నగరం పొద్దుటి ఫలహారాన్ని ఆపగలిగారు!

ఆ తర్వాత అరవైల్లో డేనియల్ థాంప్సన్ కనిపెట్టిన యంత్రం వచ్చింది. దాన్ని తెచ్చి పెట్టుకున్న లెండర్స్ కంపెనీ గడ్డకట్టిన బేగెల్‌ను అమెరికాలోని ప్రతి సూపర్‌మార్కెట్‌కూ చేర్చింది. చేత్తో చుట్టేవాడితో పని తప్పింది, డెబ్బైలు వచ్చేసరికి సంఘం బలం పోయింది. బేగెల్ మెత్తబడింది, ఉబ్బింది, తియ్యబడింది. మన కెఫేల్లో చూస్తున్నది చాలావరకు ఆ మెత్తబడిన బేగెల్‌నే. పనివాడి స్థానం పోయాకే రొట్టె రుచి పోయిందని నేను గట్టిగా నమ్ముతాను. ఈ రెండూ విడివిడిగా జరిగినవి కావు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వద్దాం. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా గుర్తించింది. అందరం గర్వపడ్డాం. ఆ గుర్తింపు గురించి మాట్లాడినప్పుడల్లా బిర్యానీ, హలీమ్, ఉస్మానియా బిస్కట్ అంటాం, హోటళ్ల పేర్లు చెబుతాం, యజమానుల కుటుంబాల కథలు చెబుతాం. రాత్రి పదకొండింటికి పిండి కలపడం మొదలుపెట్టి పొద్దున ఆరింటికి చేతులు కడుక్కునే మాస్టర్ ఎవరు? పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ అనే రొట్టెల కొట్టు 1851లో మొదలైందంటారు. భట్టీ సెగకు ఎదురుగా వంగి, నాలుగు మూలల నాన్‌ను గోడకు చరిచి, సరిగ్గా సమయానికి ఊచతో లాగే మనిషికి ఉన్న నేర్పు ఏ పేస్ట్రీ స్కూల్లో ఇచ్చే సర్టిఫికెట్‌కూ తీసిపోదు. మన నగరంలో రొట్టె చేతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటికి దక్కాల్సిన పేరు, జీతం దక్కడం లేదు. బేగెల్ లాంటి కొత్త రొట్టె వచ్చినప్పుడు కెఫేలు విదేశీ కోర్సు చేసి వచ్చిన షెఫ్ ఫొటో గోడ మీద పెడతాయి. ఆ షెఫ్ చూపించినదాన్ని రోజూ రాత్రి చేసేవాళ్లు వేరే. జార్ఖండ్ నుంచో బెంగాల్ నుంచో వచ్చి నలుగురైదుగురు ఒకే గదిలో ఉంటూ డ్యూటీకి వెళ్లేవాళ్లు వాళ్లలో ఎంతోమంది. మీకు నచ్చిన బేగెల్ రెండు నెలల తర్వాత అదే కెఫేలో అంత బాగా లేకపోతే కారణం చాలాసార్లు ఇదే. చేసే మనిషి అయిదారు వేలు ఎక్కువిచ్చే చోటికి వెళ్లిపోయి ఉంటాడు. అందుకే ఈ వ్యాసంలో పలానా కెఫేకు వెళ్లండి అని పేర్లు రాయలేదు. బోర్డు మీద పేరు అలాగే ఉంటుంది, లోపలి చేతులు మారిపోతాయి.

విడిగా అమ్మే మిఠాయిల దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసి పెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. మిఠాయి కొట్లవాళ్లు మొదట గొణిగినా రాయడం నేర్చుకున్నారు. బేగెల్ అమ్మే కెఫేలకు అంతకంటే తేలికైన పని అడుగుతున్నాను. గాజు అల్మారా మీద చిన్న పలకలో మూడు సంగతులు రాయండి. ఈ రోజు ఎన్నింటికి కాల్చారు, ఉడికించారా లేదా, రాత్రి షిఫ్టు మాస్టర్ పేరేమిటి. తినేవాళ్లు కూడా ఆర్డర్ ఇచ్చేముందు ఈ మూడూ అడగాలి. అడిగితే నామోషీ ఏమీ లేదు, హలీమ్ దగ్గర అడగడం లేదా? నైట్ డ్యూటీ అలవెన్స్ కోసం ఒక్కో బేగెల్ మీద పదో ఇరవయ్యో పెంచి, ఆ డబ్బు ఎవరికి వెళ్తోందో బిల్లు మీద విడిగా రాసే కెఫే ఏదైనా ఈ నగరంలో ఉంటే, అది మియాపూర్‌లో ఉన్నా నాగోల్‌లో ఉన్నా పొద్దున ఏడింటికల్లా నేను అక్కడుంటాను.