గోండు గూడెంలో సర్కారు మాట తీరు

ఏటా పుష్య అమావాస్యకు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కెస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. ఆ జాతర రోజుల్లోనే అక్కడ ప్రభుత్వ దర్బారు కూడా జరుగుతుంది. మంత్రులు, కలెక్టరు, ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు వేదిక మీద కూర్చుంటే గూడేల నుంచి వచ్చినవారు దరఖాస్తులు ఇస్తారు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నిజాం పోలీసుల కాల్పులకు బలయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకునేందుకు నిజాం ప్రభుత్వం క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్తను నియమించింది. ఈ దర్బారు ఆయన చొరవతో మొదలైనదే. కొండల్లో చెదురుమదురుగా ఉన్న జనాన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుకునే బదులు, వాళ్లు ఎలాగూ కూడే చోటికి, కూడే రోజున అధికారులే వెళ్లాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

భిన్న సంస్కృతుల వారితో ఎలా మాట్లాడాలో నేర్పే శిక్షణ తరగతులు ఈ రోజుల్లో చాలా ఉన్నాయి. ఎలా పలకరించాలి, ఏ మాట అనకూడదు అన్న విషయాలను అవి బాగానే చెబుతాయి. అయితే ఇద్దరి మధ్య సంస్కృతితో పాటు అధికారంలో కూడా అంతరం ఉన్నప్పుడు ఆ జాగ్రత్తలు చాలవు. సంతకం పెట్టే కలం ఎవరి చేతిలో ఉందో, అవతలివారిని అర్థం చేసుకునే శ్రమ కూడా వారే పడాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఎనభై ఏళ్లుగా జరుగుతున్నది చూస్తే, ఆ శ్రమను ఎప్పుడూ గోండుల మీదికే నెట్టేశామని అనిపిస్తుంది.

హైమన్‌డార్ఫ్ మినహాయింపు. ఆయన హైదరాబాద్‌కు రావడం కూడా యాదృచ్ఛికమే. జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వారి దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడు, అందుకే నిజాం రాజ్యానికి పరిమితం కావలసి వచ్చింది. భార్య బెట్టీతో కలిసి మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకున్నారు, గోండుల భాష గోండి నేర్చుకున్నారు. ఇంతవరకు అందరూ చెప్పుకునే కథే. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగినది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. 1949 నాటికి జిల్లాలో పదకొండు వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు దాదాపు 1,60,000 ఎకరాల మీద హక్కు దక్కింది. చెప్పుకున్న గోడు పట్టాగా మారి చేతికి వచ్చింది కాబట్టే ఆయన మాటను జనం నమ్మారు. విని ఊరుకుని ఉంటే ఎంత చక్కటి గోండి మాట్లాడినా మార్లవాయిలో ఆ దంపతుల సమాధులకు ఇప్పటికీ పూజలు జరిగేవి కావు.

వినడానికీ చేసి చూపడానికీ మధ్య ఉన్న ఆ సంబంధం తెగిపోతే ఏమవుతుందో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తెలిసింది. అప్పటికి ఆ పట్టా భూముల్లో చాలా భాగం గిరిజనేతరుల చేతుల్లోకి వెళ్లిపోయింది. గిరిజన రైతు కూలీ సంఘం తలపెట్టిన సభకు ముందు అనుమతి ఇచ్చిన అధికారులు తర్వాత దాన్ని రద్దు చేశారు. ఆ సంగతి తెలియని జనం ఎక్కడెక్కడి గూడేల నుంచో నడిచి వచ్చారు. పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు, హక్కుల సంఘాలు చెప్పిన సంఖ్య అంతకు చాలా ఎక్కువ. ఆ కాల్పులకు భూమి, రాజకీయం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి, దాన్ని వట్టి సమాచార లోపంగా తగ్గించి చెప్పడం అన్యాయం. కానీ సభ లేదన్న కబురును గూడేలకు చేర్చే బాధ్యత దాన్ని రద్దు చేసినవారిదే కదా?

కాల్పుల దాకా పోని రోజుల్లో ఈ అంతరం చిన్న చిన్న విషయాల్లో బయటపడుతుంది. గోండుల్లోని మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను నాగోబా జాతరలో దేవుడికి, వంశ పెద్దలకు పరిచయం చేసే భేటింగ్ అనే తంతు ఉంది. తెల్ల చీర కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్దల వెంట వరసగా వెళ్లి మొక్కిన తర్వాతే ఆ కోడలు వంశంలో మనిషి అవుతుంది. ఒక మనిషిని పరిచయం చేయడానికే ఇంత పద్ధతి పాటించే జనం దగ్గరికి జీపు దిగీ దిగగానే, తన పేరైనా చెప్పకుండా, ‘ఏయ్, పటేల్ ఎక్కడున్నాడు, పిలువు’ అనే ఉద్యోగి వెళితే వారికి ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. గూడెం పెద్ద అయిన ఆ పటేల్ తన తండ్రి వయసువాడైనా ‘నువ్వు’ అనే అంటారు. అదే ఉద్యోగి మండల కేంద్రంలోని ఎరువుల వ్యాపారిని ‘మీరు’ అంటాడు. దీనికి సంస్కృతి తెలియకపోవడం కారణమని నేననుకోను.

1996 నాటి పెసా (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం ఆ ప్రాంతాల గ్రామసభకు పెద్ద హోదా ఇచ్చింది. ఆచరణలో సభ ఎలా సాగుతుంది? కుర్చీల్లో అధికారులు, నేల మీద జనం. తీర్మానాన్ని కార్యాలయ తెలుగులో గబగబా చదివేస్తారు, ‘అందరికీ సమ్మతమేనా’ అంటారు. ఎవరూ మాట్లాడరు. ఆ మౌనం అంగీకారంగా నమోదై, వేలిముద్రల కాగితం చేతులు మారుతుంది. గోండు గూడేల్లో పటేల్, దేవారి (పూజారి), పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకునే అలవాటు ఉంది, వాటి పైన రాయి సెంటర్లు అనే సంప్రదాయ పంచాయతీలు, వాటి పెద్దలైన సార్మెడీలు ఉన్నారు. విన్న వెంటనే పరాయివారి ముందు అవుననో కాదనో చెప్పేయడం ఆ పద్ధతికి సరిపోదు. తీర్మానం ముసాయిదాను ఒక వారం ముందే గోండిలో చదివి వినిపించి, పెద్దలు చర్చించుకున్నాక మళ్లీ వచ్చి జవాబు అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. చాలా సభల్లో అధికారులు కోరుకునేది మాత్రం సాయంత్రంలోపు సంతకాలు.

బడుల్లో పరిస్థితి ఇంతకంటే క్లిష్టం. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామీ, సవర సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక తరగతుల బోధన మొదలుపెట్టింది. మంచి పని, కానీ పుస్తకం గోండిలో ఉన్నా దాన్ని చెప్పే పంతులుకు గోండి రావాలి. ఏజెన్సీలోని ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3 ఆ అవసరాన్ని కొంత తీర్చింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంటూ 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. కోర్టు తర్కాన్ని రాజ్యాంగ దృష్టితో సమర్థించవచ్చు. అయినా ఒకటో తరగతి పిల్ల తనకు కడుపు నొప్పిగా ఉందని చెప్పుకోగల మనిషి ఆ గదిలో ఉండాలన్న సమస్య ఆ తీర్పుతో తీరలేదు.

‘ఇప్పుడు అందరికీ తెలుగు వచ్చు కదా’ అంటారు. సంతలో బేరమాడే తెలుగు వేరు, క్షయ మందులు ఆరు నెలలపాటు ఎందుకు మానకూడదో అర్థం చేసుకునే తెలుగు వేరు. ఆరోగ్య కార్యకర్త చెప్పినదానికి ముసలమ్మ తలూపితే అది మర్యాద కోసం ఊపిన తల కూడా కావచ్చు. విన్నదాన్ని ఆమె భాషలో ఆమెనే తిరిగి చెప్పమంటే సరిపోతుంది, అందుకు పక్కన గోండి తెలిసిన ఆశా కార్యకర్త ఉండాలి.

గోండుల పట్ల మనకు గౌరవం లేదని కాదు. మార్లవాయికి చెందిన గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు రాష్ట్రమంతా సంతోషించింది. కాకపోతే దీపావళి రోజుల్లో జరిగే దండారి పండుగకు చెందిన గుస్సాడీని ఏ నెలలోనైనా మంత్రిగారి స్వాగతానికి ఆడించే అలవాటు మాత్రం నాకు నచ్చదు. నెమలి ఈకల టోపీని మెచ్చుకోవడం తేలిక, ఆ టోపీ తీసిన మనిషి పోడు పట్టా గురించి అడిగినప్పుడు జవాబు చెప్పడం కష్టం.

ఇతర రాష్ట్రాల నుంచి మన కేడర్‌కు వచ్చిన ఐఏఎస్ అధికారులు తెలుగు పరీక్ష పాస్ కావలసిందే, లేకపోతే సర్వీసు ఖరారు కాదు. దాన్ని ఎవరూ అతిగా భావించరు. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో పనిచేసే డాక్టరుకు, తహసీల్దారుకు, అటవీ రేంజరుకు, పోలీసు ఎస్సైకి గోండి విషయంలో అదే నియమం ఖచ్చితంగా అమలు కావాలి, నేర్చుకున్నవారికి ఇంక్రిమెంటు ఇవ్వాలి, రెండేళ్లకే బదిలీ చేయకూడదు. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు, కాబట్టి నేర్పడానికి మనుషులు దొరకరన్న సాకు చెల్లదు. మార్లవాయిలో అలాంటి బడిని 1943లోనే నడిపి చూశారు.