పసుపు ఎలుకలు, పసుపు మాత్రలు

(రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ మందు వాడుతున్న పెద్దావిడ భోజనం గురించి కోడలికీ, కూతురు పద్మకూ మధ్య వాదం. తిండితో జన్యువుల తీరు మార్చవచ్చని, అందుకు ఆకుకూరలు, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పెడదామని కోడలి మాట.)

వదిన: జన్యువులు తలరాత కాదు పద్మా. 2003లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు కడుపుతో ఉన్న ఎలుకలకు ఫోలిక్ ఆమ్లం, బి12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. పసుపురంగులో పుట్టాల్సిన పిల్లలు చాలావరకు గోధుమరంగుకు తిరిగాయి. జన్యువులో ఒక్క అక్షరం మారలేదు. దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్రలు పడి, అది పనిచేయకుండా నోరు మూసుకుంది, అంతే. ఇంకేం రుజువు కావాలి?

పద్మ: అవి కడుపులో ఉన్న పిల్లలు వదినా. అమ్మకు 68 ఏళ్లు.

వదిన: వయసు మీద పడితే ముద్రలు పడటం ఆగిపోతుందా? క్యాన్సర్ కణంలో అవి మరీ అడ్డదిడ్డంగా పడతాయి. మనల్ని కాపాడాల్సిన బీఆర్‌సీఏ1 జన్యువు కొందరి కణితుల్లో ఈ ముద్రల వల్లే మూగబోతుంది. ఈ ముద్రలకు సరుకు ఆకుకూరల్లోని ఫోలేటే కదా, ఫోలిక్ ఆమ్లం కోవదే.

పద్మ: మీ మాటకు మీరే అడ్డు వస్తున్నారు. ఎలుకలో ముద్ర మేలు చేసింది, కణితిలో కీడు చేసింది. ఏ జన్యువు మీద పడాలో మీ పాలకూరకు ఎవరు చెబుతారు? పైగా కణాలు విభజన చెందాలన్నా ఫోలేటే కావాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ కోవకు చెందిన పదార్థాలను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తే, జబ్బు ఇంకా చెలరేగినట్టు కనిపించింది. దాంతో ఆయన ఎదురు దారి పట్టారు. ఫోలేట్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్‌ను సుబ్బారావుగారి బృందమే అందించింది. 1948 నాటికి కొందరు పిల్లల్లో జబ్బు కొంతకాలం అణిగింది. అదే కోవలోని మెథోట్రెక్సేట్‌ను తర్వాత ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ కీమోలో వాడారు. అంటే, వైద్యులు అందకుండా చేయాలని చూసిన దాన్నే మీరు మాత్రల్లో పోసి పెడదామంటున్నారు. తోటకూర పప్పు నిక్షేపంగా పెట్టండి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రం డాక్టరుకు చెప్పకుండా మింగించకండి.

వదిన: సరే, మాత్రలు వద్దు. మరి భోజనం? అమెరికాలో ముట్లుడిగిన దాదాపు 49 వేల మంది మీద విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ప్రయోగం జరిగింది. కొవ్వు తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచమని చెప్పిన వాళ్లలో, దాదాపు ఇరవై ఏళ్లు గమనించాక, రొమ్ము క్యాన్సర్ మరణాలు 21 శాతం తక్కువ. ఇదీ నీకు లెక్కలోకి రాదా?

పద్మ: వస్తుంది, కాదనను. కానీ వాళ్లు చేరేటప్పటికి జబ్బు లేనివాళ్లు. చికిత్స అయిన మూడు వేల మందిలో సగం మందికి కూరగాయలు, పండ్లు దండిగా తినిపించిన మరో ప్రయోగం ఫలితం 2007లో వచ్చింది. ఏడేళ్లు చూసినా జబ్బు తిరగబెట్టడంలో తేడా లేదు.

వదిన: అందులో వాళ్ల బరువు తగ్గలేదు, ఆ ముక్క దాటేశావు. చాలా రొమ్ము క్యాన్సర్లను పెంచే ఈస్ట్రోజెన్ ముట్లుడిగాక ఎక్కువగా తయారయ్యేది కొవ్వులోనే.

పద్మ: అది మాత్రం నిజం.

వదిన: అందుకే అత్తయ్య కాఫీలో చక్కెర మాన్పించాను.

పద్మ: బరువు కోసమా? చక్కెర తింటే గడ్డ మళ్లీ లేస్తుందని బెదిరించి మాన్పించారు. అమ్మ ఫోనులో ఏడ్చింది.

వదిన: ఆదివారం వచ్చి జిలేబీ పొట్లం చేతిలో పెట్టి పోయేదానివి నువ్వు. మూడు పూటలా వండి, తినలేదని బతిమాలేది నేను. మీ అన్నయ్యను అడుగు.

పద్మ: మీ చాకిరీని తక్కువ చేశానా? ఆ అలమరలో సీసా సంగతి చెప్పండి. వెనక చిన్న అక్షరాల్లో కర్క్యుమిన్, దాని పక్కనే పిపరిన్ అని ఉంది. కర్క్యుమిన్ అంటే పసుపులోని సారం, అది ఒంటికి సరిగా పట్టదు కాబట్టి పిపరిన్ అనే మిరియాల సారం కలుపుతారు. కాలేయం మందులను మార్చే పద్ధతిని కూడా ఆ పిపరిన్ తారుమారు చేయగలదు. టామాక్సిఫెన్ వాడేవాళ్లకు ఈ రెండూ కలిపి ఇచ్చి నెదర్లాండ్స్‌లో చూశారు. చిన్న అధ్యయనమే, 2019లో వచ్చింది. టామాక్సిఫెన్ నుంచి ఒంట్లో తయారై గట్టిగా పనిచేసే ఎండాక్సిఫెన్ రక్తంలో తగ్గింది. జన్యువు నోరు మూయించబోయి మందు నోరు మూయిస్తున్నారు.

వదిన: అయితే పులుసులో పసుపు కూడా వేయొద్దా?

పద్మ: వేయండి. చిటికెడు పసుపుకు అంత బలం ఉండదు.

వదిన: సీసా శుక్రవారం డాక్టరుకు నేనే చూపిస్తాను. ఆవిడ ఆపమంటే ఆపుతాను, నువ్వు చెప్పావని కాదు. జిలేబీలు మాత్రం మీ ఇంట్లోనే తిని రా.