మూడో భాగం ఒక్కటే ఉంది, తీసుకుంటారా?

చెన్నైలో ఒక కొత్త ఫాంటసీ నవల కొనుక్కోవడానికి ఇంత యాతన ఎందుకు? పుస్తకానికి బిగుతుగా ప్లాస్టిక్ కవరు. విప్పకూడదట! మొదటి పేజీ చదవకుండా రచయిత సత్తా ఎలా తెలుస్తుంది? పోనీ, వెనక అట్ట చూద్దామంటే అంతా పొగడ్తలే. కథ ఎవరిది, ఏ లోకంలోది? ఒక్క ముక్క ఉండదు.

ఇంకా ఒళ్లు మండేది భాగాల సంగతి. అరలో మూడోది ఉంటుంది, అయిదోది ఉంటుంది, మొదటిది ఉండదు. అడిగితే, "ఇది తీసుకోండి, ఇదీ బాగుంటుంది" అంటారు. నడిమధ్య నుంచి నవల ఎవరైనా మొదలుపెడతారా? కొన్నిటికి అట్ట మీద భాగం సంఖ్యే వేయరు. నిద్ర మానుకుని 400 పేజీలు చదివాక, చివర్లో "సశేషం"! ఆ మాట ముందే చెబితే ఏం పోయింది?

తెలుగులో అడిగామా, పిల్లల బొమ్మల పుస్తకాలు చూపిస్తారు. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పిల్లలకేనని ఎవరు చెప్పారు? 1947లో చందమామ పుట్టింది ఈ మద్రాసులోనే. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారి సాహస ధారావాహికల కోసం పెద్దవాళ్లూ నెలంతా ఎదురుచూసేవారు. అలాంటి ఊళ్లో, జనవరి పుస్తక ప్రదర్శనంతా గాలించినా కొత్త తెలుగు సాహస నవల చేతికందదు. పాఠకులు లేరంటారు. డబ్బు పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాళ్లం ఎవరిమి మరి?