అత్తయ్యగారి నెత్తళ్ళకు పాస్‌పోర్టు కావాలి

భీమవరం నడిబొడ్డున, రొయ్యల మేత అమ్మే దుకాణం పై అంతస్తులో థాయ్ హోటలు తెరిచారు. ఇంత పెద్ద విషయాన్ని డెల్టా ప్రజలు తేలిగ్గా తీసుకోవడం నాకు చాలా టెన్షన్‌గా ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పుడు, ఆ నీళ్ళతో పండిన బియ్యాన్ని పక్కన పడేసి మల్లెపువ్వు పేరు పెట్టుకున్న పరాయి బియ్యాన్ని మనం గిన్నె లెక్కన కొనుక్కుంటామని కాటన్ దొర కలలోనైనా అనుకుని ఉండడు. స్వర్ణ వంగడాన్ని దేశానికిచ్చిన మార్టేరు పరిశోధన కేంద్రం మనకు కూతవేటు దూరం. స్వర్ణ అన్నం ఉందా అని నేనడిగితే సర్వరు కుర్రాడు కిటికీలోంచి ఎదురుగా ఉన్న నగల షాపు చూపించాడు.

నాతో వచ్చింది మా బావమరిది. రొయ్యల చెరువులు చేస్తాడు, అంటే అప్పులూ చేస్తాడు. కింద దుకాణంలో మేత బస్తాలు చూస్తూ మెట్లెక్కి, "మన రొయ్యలు ఎన్నో ఏళ్ళ నుంచి థాయ్ కంపెనీ మేతే తింటున్నాయండి బావగారూ. మనమే లేటు," అన్నాడు.

మెనూలో ప్రతి వంటకం పక్కనా మిరపకాయ బొమ్మలు. ఒకటి, రెండు, మూడు. కారం ఎంత కావాలో గుర్తులు పెట్టి అడగడం ఈ జిల్లాలో అవమానమో కాదో పెద్దలు తేల్చాలి. మేం మూడు చెప్పాం. వచ్చింది ఒకటే అని నా అనుమానం.

మొదట టామ్ యమ్ సూప్. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, నిమ్మజాతి ఆకులు, పులుపు, కారం, రొయ్యలు. 2024లో యునెస్కో ఈ రొయ్యల సూప్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. మన చారు మాత్రం ఇప్పటికీ జలుబు చేసినప్పుడే గుర్తొస్తుంది. గిన్నెలో నాలుగు రొయ్యలున్నాయి. బావమరిది ఒకదాన్ని స్పూనుతో పైకెత్తి, కళ్ళు చికిలించి చూసి, "నలభై కౌంటండి," అన్నాడు. కిలోకి నలభై తూగే సైజు. అంటే నాలుగూ కలిపి వంద గ్రాములు. గిన్నె 380 రూపాయలు. "కిలో 3,800 పడిందండి," అని స్పూను కింద పెట్టేశాడు. చెరువు గట్టు మీద తనకు ఎంతిస్తారో మాత్రం చెప్పలేదు. చెబితే నేను బిల్లు కట్టలేనని జాలి పడ్డట్టున్నాడు.

నిజానికి మన చెరువుల్లో పెంచే ఈ వనామీ రకం కూడా మనది కాదు లెండి. అది అమెరికా ఖండాల పసిఫిక్ తీరపు రొయ్య. ఇక్కడ సాగుకు 2009లో గానీ అనుమతి రాలేదు. అయినా తాతలనాడు మన గుమ్మంలో పుట్టినట్టే మాట్లాడుకుంటాం.

తర్వాత సోమ్ తమ్. సోమ్ అంటే పులుపు, తమ్ అంటే దంచడం. పచ్చి బొప్పాసి కాయ తురుముని మిరపకాయలు, వెల్లుల్లి, ఎండు రొయ్యలు, తాటి బెల్లం, నిమ్మరసంతో రోట్లో వేసి దంచి, వేరుశనగ గుళ్ళు కలుపుతారు. అంటే రోటి పచ్చడి. మా పెరట్లో పచ్చి బొప్పాసి కాయ రాలితే ఆవు కూడా అటూ ఇటూ చూసి గానీ తినదు. ఇక్కడ దాని మీద కొత్తిమీర రెమ్మ నిలబెట్టి, తెల్ల పింగాణీ పళ్ళెంలో తెచ్చారు.

సరిగ్గా అప్పుడే పక్క టేబులు నుంచి "వావ్, ఆథెంటిక్!" అన్న కేక వినిపించింది. చూస్తే మా అపార్టుమెంట్ సెక్రటరీ గారు.

ఇక్కడ కొంచెం పూర్వకథ చెప్పాలి. మా అత్తయ్యగారు ఏ సాయంత్రమైనా నాలుగు ఎండు నెత్తళ్ళు వేయిస్తే కింద లిఫ్టు దగ్గర నోటీసు పడుతుంది. "ఎండుచేపలు వేయించరాదు. తోటివారి శ్వాసను గౌరవించగలరు." ఆ నోటీసు కింద సంతకం ఈయనదే. ఇప్పుడాయన లొట్టలేస్తున్న సోమ్ తమ్‌కి ప్రాణం పోసేది నామ్ ప్లా. నామ్ అంటే నీళ్ళు, ప్లా అంటే చేప. నెత్తళ్ళకి ఉప్పు పట్టించి తొట్లలో ఏడాది దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువకాలం, ఊరబెడితే కారే నీళ్ళు. అత్తయ్యగారి నెత్తళ్ళు ఎండలో నాలుగు రోజులుంటేనే ఈయన శ్వాసకు ఇబ్బంది. ఏడాది ఊరినవి మాత్రం ఆరోగ్యం. నేను నామ్ ప్లా ఎలా తయారవుతుందో ఆయనకు వివరంగా చెప్పాను. ఆయన తల పంకించి, "అదేనండీ, ఆ రుచినే ఉమామీ అంటారు," అన్నారు.

కొబ్బరిపాలతో వండే గ్రీన్ కర్రీ దగ్గర నా గుండె చెరువైంది. వంటగది తలుపు సందులోంచి కొబ్బరిపాల డబ్బా కనిపించింది. మీద థాయ్‌లాండ్ అని ఉంది. గోదావరి పాయ వశిష్ట దాటితే కోనసీమ, కోనసీమలో అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు. అక్కడి కాయ లారీల్లో ఉత్తరాదికి పోతోంది, ఇక్కడికి పాలు సముద్రాలు దాటి వస్తున్నాయి.

పాడ్ థాయ్ గురించి ఎక్కువ చెప్పను. 1939లో సయాం పేరు థాయ్‌లాండ్‌గా మారినప్పటి ప్రధాని ఫిబూన్ సోంగ్‌ఖ్రామ్ జాతీయతా ప్రచారంలో భాగంగా ఇలాంటి నూడుల్స్ తినమని ప్రజలను ప్రోత్సహించాడు. మనకు మాత్రం ఏ ముఖ్యమంత్రీ పనసపొట్టు కూర తినమని చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ కూరకీ ఈపాటికి మిరపకాయ బొమ్మ పడేది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. థాయ్ వాళ్ళు పలకరింపుగా "అన్నం తిన్నావా" అని అడుగుతారు. మన మనుషులే. కానీ ఈ హోటల్లో మంచినీళ్ళు మామూలువా బాటిలా అని అడిగారు, ఫీడ్‌బ్యాక్ అడిగారు, ఫోన్ నంబరు అడిగారు. ఇంకాస్త వేసుకోండి అని మాత్రం ఒక్కరూ అనలేదు. గోదావరి మనిషికి బతిమాలితే గానీ ముద్ద దిగదు. రాత్రి పదింటికి ఇంటికొచ్చి ఇద్దరం ఆవకాయతో పెరుగన్నం తిన్నాం.

అత్తయ్యగారు వడ్డిస్తూ అంతా విన్నారు. మిరపకాయ బొమ్మల సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. "బొప్పాసి కాయా, నెత్తళ్ళ నీళ్ళూనా అల్లుడుగారూ?" అని మాత్రం అడిగి, పెరుగు గిన్నె మూత పెట్టేశారు.

ఆదివారం సాయంత్రం మా బావమరిది నా ఫోన్ తీసుకుని అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు. "మూడో అంతస్తులో ఈ సాయంత్రం నామ్ ప్లా ఒరిజినల్. ఎండబెట్టిన రకం." మూకుడు పొయ్యి మీదకెక్కింది. వాసన మెట్లు దిగింది. నోటీసు రాలేదు. పావుగంటకు కాలింగ్ బెల్ మోగింది. సెక్రటరీ గారు, భార్యతో సహా, చేతిలో చిన్న గిన్నెతో.

"ఆథెంటికేనాండీ?" అన్నారు.

"ఆయ్. నర్సాపురానివండి," అన్నారు అత్తయ్యగారు. కుర్చీ చూపించి, నిమ్మకాయ కోస్తూ, ఎంతో మర్యాదగా అడిగారు:

"తమరికి ఒక మిరపకాయాండీ, మూడాండీ?"