నేరోగేజి జేపీజీ

నేను డాస్ నేర్చుకున్నవాణ్ణి. మౌసు లేకుండా, ఆజ్ఞలు టైపు చేసి కంప్యూటర్‌ని నడిపే పాతకాలపు విద్య అది. ఈ మాట అనగానే మా ఇంట్లో పిల్లలు ఏదో పనున్నట్టు బయటికి పోతారు. పోనీండి. తొంభైల్లో మా పర్లాకిమిడిలో కంప్యూటర్ గది అంటే గర్భగుడే. చెప్పులు బయట విడిచి, నల్ల తెర ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఫైలు పేరుకి ఎనిమిది అక్షరాలు, తర్వాత చుక్క, దాని వెనక మూడక్షరాల తోక. ఫైలు ఏ రకమో చెప్పే ఆ తోకనే ఎక్స్‌టెన్షన్ అంటారు. ఇప్పటి విండోస్‌లో అది మామూలుగా కనపడదు, దాచేస్తారు. చూడాలంటే వ్యూ మెనూలోకి వెళ్లి టిక్కు పెట్టుకోవాలి. మా రోజుల్లో తోకలన్నీ బాహాటంగానే ఉండేవి.

మొన్న వైశాఖంలో మా అక్క కూతురి పెళ్లయింది. వియ్యాలవారిది బరంపురం. ఫొటోగ్రాఫరు ఆల్బం ఎప్పటికిస్తాడో ఆ ఠకురాణీ అమ్మవారికే తెలియాలి. అందుకని బెంగళూరు కుర్రాడొకడు తన ఐఫోన్‌లో తీసిన నాలుగొందల పైచిలుకు ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చి వెళ్లాడు. మా బావ పొదుపరి. అదే పెన్‌డ్రైవ్‌లో శుభలేఖ పీడీఎఫ్, చదివింపుల పద్దు ఎక్సెల్ ఫైలు, వంటవాళ్లు వాట్సాప్‌లో పంపిన బిల్లు ఫొటో కూడా వేశాడు.

ఆదివారం వియ్యాలవారు భోజనానికి వచ్చారు. తిన్నాక అందరూ నలభైమూడంగుళాల టీవీ ముందు చేరారు. పక్కింటి ఒడియా మౌసీ కూడా వచ్చి ముందు కుర్చీ పట్టుకుంది. బావ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. ఈ ఫైళ్లు మాకు చేతకావు అని టీవీ ఇంగ్లీషులో చెప్పేసింది.

"ఫొటో కాహిఁ?" అంది మౌసీ, ఫొటో ఏదీ అని.

పెన్‌డ్రైవ్ నా లాప్‌టాప్‌కి పెట్టి చూశాను. ఫొటోలన్నిటికీ తోక హెచ్ఈఐసీ అని ఉంది. 2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను మామూలుగా ఈ రకంలోనే దాస్తున్నాయట, చోటు తక్కువ పడుతుందని. నాకప్పుడు అదేం తెలీదు. "ఇంతేనా? టీవీకి జేపీజీ కావాలి. తోక మార్చేస్తే సరి" అన్నాను.

"ఒక్కోటీ మార్చేసరికి తెల్లారిపోద్దేటి?" అన్నాడు బావ.

నేను చిన్నగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరం పుడుతుంది. డాస్ ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచాను. బరంపురం వియ్యంకుడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆర్ఈఎన్ (పేరు మార్చమని), స్పేస్, నక్షత్రం (ఏదైనా సరే అని) చుక్క హెచ్ఈఐసీ, స్పేస్, నక్షత్రం చుక్క జేపీజీ. ఎంటర్. నాలుగొందల తోకలు కనురెప్ప వేసేలోగా మారిపోయాయి. మా ఆవిడ కూడా ఒకసారి నా వైపు గౌరవంగా చూసింది. పెళ్లయ్యాక ఇది రెండోసారి.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? ఇంకా ఏవో వేరే తోకలవి మిగిలాయి కదా, పంక్తిలో వీళ్లకి వడ్డించి వాళ్లని లేపడమెందుకని, ఈసారి నక్షత్రం చుక్క నక్షత్రం కొట్టి అన్నిటినీ జేపీజీ చెయ్యమన్నాను.  

మళ్లీ టీవీకి గుచ్చాం. మొదటి ఫొటో రాలేదు. రెండోదీ రాలేదు. బావ రిమోట్ నొక్కుతూనే ఉన్నాడు. ఎక్కడో ఒకచోట తెర భళ్లున వెలిగింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

వంటవాళ్ల బిల్లు. మొత్తం పెన్‌డ్రైవ్‌లో పుట్టుకతో జేపీజీ అదొక్కటే. "ప్లేటు 1కి రూ. 180" అని అరచేయంత అక్షరాలు. ప్లేటు మూడువందల యాభై పడిందని బావ వియ్యంకుడితో చెప్పి గంట కూడా కాలేదు. వియ్యంకుడు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. "భోజనం మాత్రం బాగుంది బావగారూ" అన్నాడు.

నేను లాప్‌టాప్ దగ్గర కంట్రోల్ జెడ్ నొక్కుతున్నాను. మామూలు కిటికీలో పేరు మారిస్తే అది వెనక్కి తిప్పుతుంది. నల్ల కిటికీలో చేసినదానికి అది పనిచెయ్యదు. డాస్ నేర్పిన మాస్టారు ఈ ముక్క చెప్పే ఉంటారు, నేనే ఆ రోజు వెళ్లుండను.

అప్పుడొచ్చాడు మేనల్లుడు, గుణుపురంలో ఇంజనీరింగ్ చదివే గుంటడు. "ఏటి చేసినావు మావయ్యా?" అన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"మన నౌపడ లైను చిన్న రైలు గుర్తుందా మావయ్యా? దాని బోగీ మీద బ్రాడ్‌గేజి అని బోర్డు రాస్తే పెద్ద పట్టాల మీద నడుస్తాదా?"

గుర్తులేకేం! 1900లో రాజావారు వేయించిన రెండున్నర అడుగుల లైను. పాత పట్టాలు పీకి కొత్తవి వేస్తేగాని ఇప్పటి రైలు మా ఊరికి రాలేదు. ఆ మాటకొస్తే మా ఊరికే తోక మారింది. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ పోయి ఒడిశా అయ్యింది. తొంభై ఏళ్లవుతున్నా ఇంట్లో పోట్లాటలు తెలుగులోనే. లోపలి సరుకు మారదని నాకు తెలియకేం, కీబోర్డు ముందు గుర్తు రాలేదంతే.

గుంటడు ముందు మొత్తం ఫోల్డరుకి ఇంకో కాపీ తీశాడు. నేను మొట్టమొదట చెయ్యాల్సిన పని అది. తర్వాత సైజు వరసలో పేర్చాడు. ఫొటోలన్నీ ఎంబీల్లో ఉంటే అడుగున ఒకటి పద్నాలుగు కేబీ. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. చీమలు సిరాలో పడి పాకినట్టు గీతలు, మొదట్లో మాత్రం శుభ్రంగా రెండక్షరాలు: పీకే.

"పీకే అంటే పర్లాకిమిడి! మన ఊరి ఫైలే" అన్నాడు బావ.

"కాదు నాన్నా, ఫిల్ కాట్జ్. జిప్ ఫైలు కనిపెట్టినాయన. ఎక్సెల్ ఫైలు లోపల జిప్పే. తోక ఏదైనా పుట్టుమచ్చ పోదు."

పీడీఎఫ్‌కి మొదట్లోనే పీడీఎఫ్ అని ఉంటుందట. హెచ్ఈఐసీకి ఎనిమిది అక్షరాల అవతల ఆ మాటే ఉంటుందట. పేరు మార్చే ఎఫ్2 మీట కొట్టి ఎక్సెల్, పీడీఎఫ్ రెంటి తోకలూ సరిచేశాడు. బిల్లుని బావ అప్పటికే డిలీట్ చేసేశాడు. మిగిలినవన్నీ ఒక్క దెబ్బకి హెచ్ఈఐసీ అయ్యాయి, అదీ నా ఆర్ఈఎన్‌తోనే. ఆ సంగతి నేను గట్టిగా అన్నాను, ఎవరూ వినలేదు. తర్వాత మార్పిడి ప్రోగ్రాంలో వేసి నిజం జేపీజీలు చేశాడు. ఐఫోన్ కెమెరా సెట్టింగుల్లో ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టుకుంటే ఈ బాధే ఉండదని బెంగళూరుకి ఫోన్ చేసి చెప్పాడు.

ఫొటోలు టీవీలో నడుస్తున్నాయి. మౌసీ తన పట్టుచీర వచ్చినప్పుడల్లా ఆపమంటోంది. ఇక్కడ లాప్‌టాప్‌లో గుంటడు చదివింపుల పద్దు తెరిచాడు. "అన్నీ ఉన్నాయి అమ్మా, ఒక్క వరసా పోలేదు" అన్నాడు. అక్క చూడ్డానికి లేచింది. వెనకాలే మా ఆవిడా లేచింది.

పెళ్లిలో కవరులో పెట్టమని మా ఆవిడ నా చేతికి 1,116 ఇచ్చింది. పద్దులో నా పేరు పక్కన 516 ఉంది.

"ఒరే నాయనా," అన్నాను వాడి చెవిలో, "ఆ ఒక్కదాన్నీ మళ్లీ జేపీజీ చేసెయ్యరా."